ఇంకోసారి గారి గేరు రాడ్

మా మావయ్య బిగించిన దాన్ని విప్పకుండా ఉండలేడు. ఆయన గురించి చెప్పడానికి ఇంతకుమించి ఏమీ లేదు, ఉన్నదంతా ఇందులోనే ఉంది. మామూలు మనుషులు స్క్రూ బిగించాక చేతులు తుడుచుకుని వెళ్ళిపోతారు. మావయ్య చేతులు తుడుచుకుని, కాస్త వెనక్కి జరిగి, తల ఒక పక్కకి వాల్చి, బిగించినదాన్ని కాసేపు జాలిగా చూసి, "ఇంకోసారి విప్పుదాం" అంటాడు. వీధిలో ఆయన అసలు పేరు ఎప్పుడో అరిగిపోయింది. అందరూ "ఇంకోసారి గారు" అనే పిలుస్తారు. ఉత్తరాలు తెచ్చే పోస్ట్‌మ్యాన్ కూడా.

ఆయనది కళ్ళజోళ్ళ దుకాణం. ఈ రోగం అక్కడే అంటుకుందని అత్తయ్య నమ్మకం. వచ్చినవాడి ముక్కుమీద ఇనప చట్రం పెట్టి, ఒక అద్దం వేసి "ఇది బాగుందా" అని, అది తీసి మరొకటి వేసి "లేక ఇదా" అని జీవితమంతా అడిగిన మనిషి ఇంటికి రాగానే అడగడం మానేస్తాడా? తలుపు గడియని అడిగాడు, కుళాయిని అడిగాడు, ఫ్యానుని అడిగాడు. నా మంచం కోడుని కూడా అడిగాడు. నేను పడుకున్న తర్వాత.

వాళ్ళ పెళ్ళినాడు ఆయన కూర్చున్న కుర్చీ కిర్రుమన్నదట. ఫొటోలో అత్తయ్య కూర్చుని ఉంటుంది, ఆయన పక్కన నిలబడి ఉంటాడు. ఆ రోజుల్లోనే భార్యకి ఎంత మర్యాద ఇచ్చాడో అని చూసినవాళ్ళు ముచ్చటపడతారు. పరీక్షగా చూస్తే ఆయన కుడిచేతిలో కుర్చీ కాలు కనబడుతుంది.

నేను ఆయన మేనకోడల్ని. ఉద్యోగం ఈ ఊళ్ళో రావడంతో వాళ్ళ మేడమీద గదిలో ఉంటున్నాను. పగలంతా అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దుతాను, సాయంత్రం ఇంటికొచ్చి టార్చిలైటు పట్టుకుంటాను. మావయ్య దేన్ని విప్పినా ఎవరో ఒకరు వెలుగు చూపించాలి. మా ఇద్దరిదీ దిద్దుడు పనే గాని, నేను దిద్దినది ఏదో ఒకనాడు అచ్చవుతుంది. ఆయనది ఎప్పటికీ ప్రూఫే. ఆ టార్చి వెలుగులో నా సాయంత్రాలు ఒక్కొక్కటిగా పాత బ్యాటరీల్లా పసుపురంగుకి తిరిగిపోయాయి.

అత్తయ్య టార్చి పట్టదు. "నేను రోజంతా కట్లు విప్పుతాను. విప్పిన కట్టు మళ్ళీ కట్టకుండా ఏ ఇంట్లోంచీ బయటికి రాను. ఈయనకి ఆ బుద్ధి లేదు" అంటుంది. ఆవిడ నర్సు. ఆస్పత్రిలో కాదు, మంచం దిగలేనివాళ్ళ ఇళ్ళకి వెళ్ళి పుళ్ళు కడిగి, కట్లు మార్చి, ఒత్తిగిలించి, వాళ్ళు చెప్పిందే చెబుతుంటే మొదటిసారి విన్నట్టు విని వస్తుంది. ఆ ఇళ్ళన్నీ ఊరికి ఆ కొసా ఈ కొసా ఉంటాయి. వాటిని కలిపి కుట్టే దారం ఆవిడ పాత కారు.

ఆ కారు వయసు నా వయసుకి దగ్గరగా ఉంటుంది, ఓపిక నాకంటే ఎక్కువ. దాని గేరు రాడ్ మాత్రం గుండిగలో వేసిన గరిటెలాంటిది. పొడుగ్గా, వదులుగా, ఎటు తిప్పినా అడుగు తగలకుండా తిరుగుతుంది. మొదటి గేరు ఎడమవైపు ముందుకి, చెయ్యి పూర్తిగా చాచిన కొసన ఉంటుంది. రివర్సు దానికీ అవతల. అత్తయ్య ఆ గరిటెని ఏళ్ళ తరబడి తిప్పింది, ఎప్పుడూ ఏమీ అనలేదు.

అన్నది మావయ్య. అత్తయ్యకి వారం సెలవు దొరికిన రోజున, పొద్దున్నే, గేరు మార్చడంలో మజా లేదని ప్రకటించాడు. ఆయన కారు నడపడు. నడపనివాడికి మజా లేకపోవడమేమిటో ఎవరికీ అర్థం కాలేదు. అప్పటికే పార్సిలు వచ్చి ఉంది. అందులో ఎవరో బయటి కంపెనీవాళ్ళు చేసిన పొట్టి గేరు రాడ్, దానికో ఇనప గిన్నె, కొన్ని బుష్‌లు, ఎవరికీ అర్థంకాని బొమ్మల కాగితం ఉన్నాయి. బొమ్మలో మనిషి నవ్వుతూ బిగిస్తున్నాడు. ఆ నవ్వు చూసినప్పుడే నాకు నీరసం వచ్చింది.

మా అమ్మ ఫోన్లో సంగతి విని, ఆ డొక్కు వదిలించుకుని గేర్ల గొడవ లేని ఆటోమేటిక్ బండి కొనుక్కోమని వదినకి సలహా చెప్పింది. అత్తయ్య ముఖం ఎర్రబడింది. తన చేతులకేం వచ్చిందని, గేర్లు లేని బండి తనకెందుకని గట్టిగా అడిగింది. మావయ్య వెంటనే ఫోను లాక్కుని, ఆటోమేటిక్ బండి అసలు బండే కాదని, అది చక్రాలున్న సోఫా అని, తన కంఠంలో ప్రాణం ఉండగా ఈ గుమ్మంలోకి రానివ్వనని చెప్పి పెట్టేశాడు. మొగుడూ పెళ్ళాం ఒక మాటమీద ఉండటం ఆ ఇంట్లో నేను చూసిన మొదటిసారి అది. నేనూ తృప్తిపడి టార్చి వెతుక్కున్నాను.

ఒక్క సంగతి మాత్రం మనసులో ముల్లులా ఉంది. సోమవారం పొద్దున్నకి బండి తయారుగా ఉండాలి. లేకపోతే అత్తయ్య తిరిగే ఇళ్ళు వేరే నర్సుకి పోతాయి. ఆఫీసులో పెద్ద నర్సు ముందే చెప్పింది: "మీరు చాలా తిరిగారు, ఇకనుంచి బల్ల దగ్గర కూర్చుని ఫోన్లు తీసుకోండి, వయసులో ఉన్నవాళ్ళు తిరుగుతారు." గౌరవంగానే చెప్పింది. ఆ గౌరవం తలుచుకున్నప్పుడల్లా అత్తయ్య గిన్నెలు కాస్త ఎక్కువ చప్పుడుతో తోముతోంది. సాకు దొరికితే చాలు, బల్ల సిద్ధంగా ఉంది.

మొదటిసారి బిగించడం సాఫీగానే జరిగింది. పైన తోలు తొడుగు లాగి, కారు కిందికి దూరి, గేరు రాడ్‌ని గేరుపెట్టెకి కలిపే లింకు రాడ్ ఊడదీసి, పాత గరిటెని బయటికి తీసి, కొత్త పొట్టి రాడ్ కూర్చోబెట్టాడు. దాన్ని పట్టి ఉంచే చిన్న క్లిప్ మధ్యలో ఎగిరి నా జుట్టులో పడింది. అది దొరికేదాకా ఇద్దరం కారు షెడ్డంతా మోకాళ్ళమీద పాకాం.

ఎదురింటి మెకానిక్ తన అరుగుమీద కూర్చుని ఇదంతా చూస్తున్నాడు. పని మానేసి చాలా రోజులైంది గాని, ఎదుటివాడి పని చూడటం మానలేదు. వచ్చి, పొట్టి రాడ్‌ని ఒకసారి కదిపి, పెదవి విరిచాడు.

"దూరం తగ్గింది గాని బరువెక్కింది చూడు ఇంకోసారీ. గడ్డపార పొట్టిదైతే బండరాయి లేస్తుందా?"

మావయ్య కూర్చుని రాడ్‌ని ముందుకి తోశాడు, వెనక్కి లాగాడు. నిజమే. కదిలే దూరం సగమైంది, కదిలించడానికి పట్టే బలం పెరిగింది. ఆయన తల ఒక పక్కకి వాలింది. నేను టార్చి ఆర్పబోయినదాన్ని ఆగిపోయాను. ఆ వాలే తల నాకు అమావాస్య చంద్రుడిలాంటిది. కనబడకపోయినా తెలిసిపోతుంది.

"ఇంకోసారి విప్పుదాం."

రెండోసారి లింకు రాడ్ ఒక పన్ను పక్కకి బిగించాడు. తన తప్పు కాదు, నా టార్చి తప్పు అన్నాడు. ఇంజను స్టార్టు చేసి, తలెత్తి, మహారాజులా మొదటి గేరు వేశాడు. బండి మాత్రం మొదటి గేరు చోట రివర్సు పెట్టుకుని ఉంది. ముందుకి పోవాల్సిన కారు మర్యాదగా వెనక్కి బయల్దేరి, పెరట్లో ఆరేసిన దుప్పట్లలోంచి దూరి, తీగతో సహా అన్నింటినీ కప్పుకుని, నీళ్ళతొట్టిని తాకి ఆగింది. తెల్లటి దుప్పట్ల కింద ఇంజను మెల్లగా గురకపెడుతోంది. అత్తయ్య వచ్చి నిలబడి చూసింది. రోగి పడుకుంటే లేపకూడదని అలవాటేమో, ఏమీ అనకుండా లోపలికి వెళ్ళిపోయింది. కాసేపటికి గిన్నెల చప్పుడు వినబడింది.

అక్కడినుంచి లెక్కపెట్టడం మానేశాను. విప్పాడు, బిగించాడు. గ్రీజు మార్చాడు, బుష్ మార్చాడు. పొట్టి రాడ్ మీద మరో ముక్క అతికించి పొడుగు చేశాడు. అది చూసిన మెకానిక్, పొట్టిది కొని పొడుగు చేసుకునేవాణ్ణి పుట్టి బుద్ధెరిగాక చూడలేదని వీధి మొత్తానికి వినబడేలా చెప్పాడు. ఆ సాయంత్రం పాల ప్యాకెట్లు వేసేవాడు కూడా షెడ్డులోకి తొంగిచూసి, ఈ రోజు పొట్టిదా పొడుగుదా అని అడిగి వెళ్ళాడు. ఇల్లంతా గ్రీజు వాసన. తలుపు పిడికి గ్రీజు, పత్రికకి గ్రీజు, నేను దిద్దుతున్న వ్యాకరణ పుస్తకం ప్రూఫులో సంధి ప్రకరణం మీద పెద్ద వేలిముద్ర. అచ్చాఫీసులో అది ఏ గుర్తో తెలియక పైవాళ్ళని అడిగారు.

వీటన్నిటికంటే విచిత్రం, ప్రతిసారీ బిగించాక ఆయన చేసే పరీక్ష. కారు అద్దాలన్నిటికీ లోపలినుంచి పత్రికలు అతికించి, తలుపులు వేసుకుని ఒక్కడే కూర్చునేవాడు. లోపలినుంచి టక్కుమని గేరు పడే చప్పుడు, ఒక మూలుగు, మళ్ళీ టక్కు, మళ్ళీ మూలుగు. తర్వాత తలుపు తెరుచుకుని చెమటతో తడిసిన ముఖం బయటికి వచ్చేది. ఏం జరిగిందని నేను అడగక్కర్లేదు. తల అప్పటికే వాలి ఉండేది.

శనివారం పెద్ద నర్సు ఫోను చేసింది. బండి సంగతి ఏమైందని అడిగి, తయారు కాకపోతే మరేం పర్లేదని, కుర్చీకి మెత్త కూడా వేయించామని చెప్పింది. అత్తయ్య ఫోను పెట్టి షెడ్డు గుమ్మంలోకి వచ్చింది. కోపంగా రాలేదు. అలిసిపోయి వచ్చింది. కోపమైతే మావయ్య తట్టుకునేవాడు.

"ఏవండీ, నాకు మజా అక్కర్లేదు. బండి ఇవ్వండి చాలు. ఆ మంచంమీది ముసలాయన నేను తప్ప ఎవరొచ్చినా కట్టు విప్పనివ్వడు."

మావయ్య కారు కిందినుంచి తల బయటపెట్టి, ఇస్తానని, ఇంకొక్క చిన్న పని ఉందని అన్నాడు. ఆవిడ వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది. ఆ క్షణంలో నాకు నిజంగా ఆయనమీద కోపం వచ్చింది. సరదాకి హద్దుండాలి. ఒక మనిషి బతుకు జాకీమీద ఎత్తిపెట్టి మజా వెతకడమేమిటని అనుకున్నాను.

ఆదివారం మధ్యాహ్నం ఆ మాట అడిగేద్దామనే షెడ్డులోకి వెళ్ళాను. పరీక్ష జరుగుతోంది. టక్కు, మూలుగు. ఎడమవైపు అద్దానికి అతికించిన పత్రిక చెమ్మకి ఊడి, మూల కిందికి వాలి ఉంది. అందులోంచి చూశాను.

మావయ్య సీటుని స్టీరింగుకి బాగా దగ్గరగా జరుపుకుని, మడతపెట్టిన గొడుగులా ముడుచుకుని కూర్చున్నాడు. ఎడమ మోచెయ్యి కదలకుండా, దాన్ని పక్కటెముకలకి ఆనించి, అత్తయ్య సంచిలోని సాగే కట్టుతో ఒంటికి చుట్టుకున్నాడు. భుజం ఎత్తడానికి లేదు, చెయ్యి చాచడానికి లేదు. మణికట్టు ఒక్కటే స్వేచ్ఛగా ఉంది. ఆ మణికట్టుతో, రెండు వేళ్ళతో, మొదటి గేరుని అందుకోవాలని చూస్తున్నాడు. అందలేదు. మూలిగాడు.

నేను తలుపు తీశాను.

"ఏంటి మావయ్యా ఇది?"

"తలుపెయ్యి. ఇటొచ్చి కూర్చో."

కూర్చున్నాను. ఆయన ముందుకే చూస్తూ, మీ అత్తయ్య ఎడమ భుజం బిగుసుకుపోయింది అన్నాడు.

"అత్తయ్య చెప్పిందా?"

"అది చెబుతుందా? క్లచ్ చెప్పింది."

కొన్నాళ్ళుగా పొద్దున బండి కదిలేటప్పుడు దడదడలాడుతోందట, కాలిన వాసన వేస్తోందట. మొదటి గేరు దాకా చెయ్యి చాచలేక రెండో గేరులోనే కదిలిస్తోందని ఆయన గుమ్మంలో నిలబడి చెవులతో కనిపెట్టాడు. తర్వాత ఆవిడ బండిని ఇంటి ముందు కాకుండా వీధి చివర పెట్టి, సంచి మోసుకుని నడిచి రావడం మొదలుపెట్టింది. షెడ్డు నిండా ఈయన విప్పిన సామాను ఉండబట్టే అలా చేస్తోందని నేను అనుకున్నాను. అక్కడైతే వెనక్కి తీసే పని ఉండదు, అదీ సంగతి. రివర్సు ఇంకా దూరం కదా.

"అడగొచ్చుగా మావయ్యా."

"అడిగితే లేదంటుంది. అన్నాక నేను నమ్మినట్టు నటించాలి. అది దీనికంటే కష్టం."

ఆఫీసులో తెలిస్తే ఆ రోజే బల్ల దగ్గర కూర్చోబెడతారు. కొత్త బండి అంటే, ఎందుకూ అని నలుగురూ అడుగుతారు. అందుకని మజా. వీధంతా ఆయన్ని పిచ్చివాడంటోందని గుర్తుచేశాను.

"అననీ. పిచ్చివాడి పెళ్ళామంటే జాలిపడతారు. భుజం సంగతి అడగరు."

మరి ఆ భుజం అలాగే ఉంటే ఎన్నాళ్ళిలా అని అడిగాను. ఆయన సామాన్ల గది తలుపు వెనక గోడ చూసి రమ్మన్నాడు. వెళ్ళి చూశాను. సున్నం గోడమీద నాలుగు వేళ్ళ మరకలు, మెట్లలా, ఒకదానిమీద ఒకటి పైకి పాకుతున్నాయి. కింది మరకలు నడుము ఎత్తున మసకగా ఉన్నాయి, పైవి భుజం దాటి తాజాగా ఉన్నాయి. రోజూ ఎవరూ చూడకుండా అత్తయ్య ఆ తలుపు వెనక నిలబడి, గోడమీద వేళ్ళని నడిపిస్తోంది. నొప్పి ఆగిన చోట మరక ఆగింది. మర్నాడు కాస్త పైన ఇంకోటి. ఒక మొక్క ఎదిగిన గుర్తుల్లా ఉన్నాయవి.

తిరిగి వచ్చేసరికి మావయ్య కట్టు విప్పుకుంటున్నాడు.

"చూశావా? అవి గడియ దాకా వస్తే అన్ని గేర్లూ అవే అందుతాయి. అప్పటిదాకా గేరే దాని చేతి దగ్గరికి రావాలి. వచ్చింది గాని, నా చేతికి వచ్చింది. నేను పొడుగు. నా కళ్ళతో చూసి దానికి అద్దాలిస్తే ఏం లాభం?"

నేను అత్తయ్యంత ఎత్తు ఉంటాను. చొక్కా చెయ్యి మడిచి, మోచెయ్యి ఒంటికి ఆనించి, కట్టమన్నాను. ఆయన కట్టాడు. ఇంతకాలం వెలుగు పట్టిన దాన్ని, ఆ రోజు కొలతనయ్యాను. ఆయన రాడ్‌ని సీటువైపు కాస్త వంచి బిగించి, ఇది బాగుందా అన్నాడు. మొదటి గేరు పడింది గాని భుజం లాగింది. లేదన్నాను. విప్పాడు. ఇంకాస్త వంచాడు. గుండ్రటి పిడి బదులు అరచేతిలో కూర్చునే వెడల్పు పిడి పెట్టాడు. లేక ఇదా అన్నాడు. నేనూ మొహమాటపడకుండా కాదన్నాను. కారు కిందినుంచి పైకి, పైనుంచి కిందికి, ఆయన చొక్కా నేలరంగు అయ్యేదాకా తిరిగాడు.

ఎండ షెడ్డు తలుపు దాటి పోతుండగా రాడ్ ముందుకి వెళ్ళింది. భుజానికి తెలియలేదు. మణికట్టు కూడా పెద్దగా పట్టించుకోలేదు. చిన్న టక్కు, అంతే. రివర్సు వేశాను. అదీ పడింది.

"ఇదే మావయ్యా."

ఆయన స్పానర్ చేత్తో పట్టుకుని తల ఒక పక్కకి వాల్చబోయాడు. పెదవులు కదిలాయి. నేను ఆయన్నే చూస్తున్నాను. ఒక తుమ్ముని ఆపుకున్నట్టు ఆపుకుని, స్పానర్ డబ్బాలో పడేసి, స్నానానికి వెళ్ళిపోయాడు.

సోమవారం పొద్దున కారు గేటు బయట నిలబడింది. మెకానిక్ అరుగు దిగి వచ్చి తొంగిచూసి, వారం కష్టపడి పొట్టిది పెట్టి, పొడుగు చేసి, చివరికి దాని నడుము విరిచావా అని అడిగాడు. అత్తయ్య సంచి పక్క సీట్లో పెట్టి కూర్చుంది. రాడ్‌ని చూసింది.

"వంకరగా ఉందేంటండీ?"

"ఇప్పుడన్నీ అలాగే వస్తున్నాయి. మజా కోసం."

"మీ మజా పాడుగాను" అని ఆవిడ క్లచ్ తొక్కి, అలవాటుగా పళ్ళు బిగపట్టి, చెయ్యి వేసింది. పళ్ళు బిగపట్టిన ఆ ముఖం నేను రోజూ చూసిందే. చిరాకనుకునేదాన్ని. రాడ్ ముందుకి వెళ్ళింది. ఆవిడ దాన్ని చూసుకుంది, తన మోచేతిని చూసుకుంది. మా వైపు చూడలేదు. బండి దడదడ లేకుండా, నీళ్ళమీద ఆకులా కదిలి వెళ్ళింది.

మావయ్య వీధి మధ్యకి వచ్చి నిలబడ్డాడు. ఇంజను చప్పుడు ఎత్తందుకున్న ప్రతిచోటా ఒక్కో వేలు మడిచాడు. మొదటిది. రెండు. మూడు. కారు వీధి చివరికి చేరి, మలుపు దగ్గర ఆగిపోయింది.

ఆగిపోయి అలాగే ఉంది. మెకానిక్ గొంతు సవరించుకున్నాడు. మావయ్య మడిచిన మూడు వేళ్ళూ అలాగే పట్టుకుని ఉన్నాడు. అంతలో కారు వెనక దీపం తెల్లగా వెలిగింది. వెనక్కి బయల్దేరింది. మెల్లగా, తిన్నగా, గీత గీసినట్టు, వీధి మొత్తం పొడవునా వెనక్కి వెనక్కి వచ్చి, మా గేటు ముందు మావయ్య కాళ్ళకి దగ్గరగా ఆగింది.

అత్తయ్య తల బయటపెట్టి, సంచి మరిచిపోయానని చెప్పింది.

మావయ్య వంగి కిటికీలోంచి చూశాడు. నేనూ చూశాను. సంచి పక్క సీట్లో, బెల్టు కూడా పెట్టుకుని, బుద్ధిగా కూర్చుని ఉంది. ఆయన దాన్ని చూశాడు, ఆవిణ్ణి చూశాడు. ఆవిడ ముందు అద్దంలోకి చూస్తోంది.

"లోపలుందేమో చూసొస్తాను" అని ఆయన ఇంట్లోకి వెళ్ళాడు.

చాలాసేపు వెతికాడు. బీరువా తలుపు తెరిచిన చప్పుడు, మంచం జరిపిన చప్పుడు వినబడ్డాయి. ఆవిడ ఎడమచేత్తో గేరుని వేస్తూ తీస్తూ, వేస్తూ తీస్తూ కూర్చుంది. ఆఫీసుకి ఆలస్యమవుతోందని నేను అనలేదు. మెకానిక్ నోరు తెరవబోతే కాలు తొక్కాను.

చివరికి మావయ్య ఉత్త చేతులతో వచ్చాడు. తలకి బూజు అంటుకుని ఉంది.

"ఎక్కడా లేదే."

"అయితే నా దగ్గరే ఉందేమోలెండి" అని అత్తయ్య మొదటి గేరు వేసింది.